నాలుగు మిల్లీమీటర్ల లప్పం

ఆ వీధిలో ఆమెకి పేరు ఉందన్న సంగతి ఓటరు కార్డుకి తప్ప ఎవరికీ గుర్తులేదు. చిన్నవాళ్ళు లప్పం అక్క అంటారు. పెద్దవాళ్ళు ఒట్టి లప్పం అంటారు. పక్కింట్లో ఉండే అన్న భార్య మాత్రం కోపం వచ్చినప్పుడు "ఆడపడుచు గారూ" అని పిలుస్తుంది. ఆ "గారూ" చెవిన పడితే లప్పం అక్క ఆ పూటకి వదిన కంటపడకుండా తిరుగుతుంది.

ఆ పేరు తండ్రి పని వల్ల వచ్చింది. ఆయన పడవలు బాగుచేసేవాడు. ఫైబరు పడవ అడుగున పగులు పడితే రెజిన్‌లో పొడి కలిపి, ముద్ద చేసి, రేకు ముక్కతో ఆ పగుల్లోకి నొక్కేవాడు. ఆ ముద్దే లప్పం. కూతురు పదేళ్ళ వయసుకే పడవ పొట్ట మీద వేలి కణుపుతో కొట్టి, ఎక్కడ బోలుగా మోగుతోందో చెప్పేసేది. తండ్రి నేర్పిన పద్ధతి ఒకటే. తడి పూర్తిగా తుడిచి వెయ్యి. పగులు దాటి నాలుగు వైపులా ఎక్కించి వెయ్యి. కాస్త ఎత్తుగానే వెయ్యి, ఎండాక అరగదీసుకుందాం. నీళ్ళు ఎక్కడ లోపలికి వస్తే అక్కడ మూసెయ్యడం ఆమె చేతులకి ఆలోచన అక్కర్లేని పని అయిపోయింది. వేడి గిన్నె తగిలితే చెయ్యి ఎలా వెనక్కి వస్తుందో, కారే చోటు కనపడితే ఆమె చెయ్యి అలా ముందుకి వెళ్తుంది.

రేవుని పెంచినప్పుడు పడవల షెడ్డు తీసేశారు. తండ్రి పోయాడు. ఆమెకి సముద్ర విజ్ఞాన కేంద్రంలో కాంట్రాక్టు మీద నిర్వహణ పని దొరికింది.

ఆ కేంద్రంలో అద్దం వెనక పెట్టి చూపించేవి తక్కువ. అన్నీ ముట్టుకోవాలి. ఒక గాజు గొట్టంలో స్పాంజి కప్పు పెట్టి పంపు కొడితే, లోతుకి వెళ్ళే కొద్దీ నీళ్ళు ఎలా నొక్కుతాయో తెలిసేలా కప్పు కుంచించుకుపోతుంది. ఒక గదిలో హెడ్‌ఫోన్లు చెవులకి తగిలించుకుంటే తిమింగలాలు మాట్లాడుకునేది వినిపిస్తుంది. మీటలు నొక్కి వాటికి జవాబు చెప్పొచ్చు. ఒక తొట్టిలో ఉప్పునీరు, మంచినీరు రెండు రంగుల్లో ఒకదాని కింద ఒకటి నిలబడి ఉంటాయి. కలపాలని చూసినా ఒక పట్టాన కలవవు. ఇవన్నీ ఆలోచించి పెట్టింది ఆ కేంద్రంలో పనిచేసే శాస్త్రవేత్త. అందరూ మేడం అంటారు. ముట్టుకుంటేనే మనుషులకి అర్థమవుతుందని మేడం సిద్ధాంతం. ముట్టుకుంటే విరుగుతాయని లప్పం అక్క అనుభవం. ఇద్దరిదీ నిజమే కాబట్టి ఇద్దరికీ ఉద్యోగం ఉంది.

మేడం మంచిపనే చేసిందని చెప్పాలి. సముద్రం గురించిన చదువు కోట్లు వేసుకున్నవాళ్ళ సెమినార్లలో ఉండిపోకూడదని ఆమె గట్టిగా నమ్మింది. ఆదివారాలు టికెట్టు లేకుండా తలుపులు తీయించింది. అయినా ఆ కేంద్రానికి అరగంట నడక దూరంలో సముద్రం మీదే బతికే వీధి ఒకటి ఉందని, అక్కడ పనిచేసే లప్పం అక్క తప్ప ఆ వీధి వాళ్ళు మొదటి రెండేళ్ళలో ఒక్కరు కూడా ఆ గుమ్మం తొక్కలేదని ఎవరూ గమనించలేదు. సందర్శకుల లెక్కల్లో రానివాళ్ళకి గడి ఉండదు కదా.

హాలు మధ్యలో ఉన్నది తీరం నమూనా. మూడు మీటర్ల పొడవున్న బల్ల మీద ఆ ఊరి ఒడ్డంతా అచ్చు గుద్దినట్టు ఉంటుంది. రేవు, చేపల మార్కెట్టు, హోటళ్ళ వరుస, ఆ చివర జానెడు మేర లప్పం అక్క వాళ్ళ వీధి. ఇళ్ళు వేలి గోరంత. పక్కన ఇత్తడి చక్రం. ఒక చుట్టు తిప్పితే తొట్టిలో నీళ్ళు ఒక మిల్లీమీటరు లేస్తాయి. అంటే బయట సముద్రం పావు మీటరు లేచినట్టు లెక్క. మూడో చుట్టుకి రేవు రోడ్డు తడుస్తుంది. ఆరుకి మార్కెట్టు మునుగుతుంది. ఎనిమిదో చుట్టుకి హోటళ్ళ తోటలు పోతాయి, చక్రం అక్కడితో ఆగిపోతుంది. పెద్దవాళ్ళు కూడా చక్రం కోసం పిల్లల్ని నెట్టేసి మరీ నిలబడేవారు.

మరి ఆ వీధి? ఎనిమిది చుట్లకీ తడవదు. చుట్టూ నీళ్ళు, మధ్యలో పొడిగా వీధి.

చూసినవాళ్ళందరూ అదేంటని అడిగేవారు. కేంద్రంలో గైడ్లకి మొదట్లో ఏం చెప్పాలో తెలియలేదు. తర్వాత మేడం ఒక కారణం చెప్పింది. "సముద్రంతో తరతరాలుగా బతికినవాళ్ళకి ఎక్కడ ఇల్లు కట్టుకోవాలో తెలుసు. ఆ నేల ఎంచుకోవడం వాళ్ళ పూర్వీకుల జ్ఞానం." ఈ మాట కరపత్రంలో ఎక్కింది. గోడ మీద పలకగా ఎక్కింది. సందర్శకులు ఆ పలక ముందు నిలబడి ఫొటోలు తీసుకున్నారు. పేదవాడికి ఏమీ ఇవ్వని చోట పొగడ్త మాత్రం ధారాళంగా దొరుకుతుంది. లప్పం అక్క కూడా ఆ పలక తుడిచేటప్పుడు మిగతా వాటికన్నా ఒక తుడుపు ఎక్కువే తుడిచేది.

ఇంటికొచ్చి వదినకి చెప్పింది. వదిన వీధి మొత్తానికి చెప్పింది.

"మా తాత సముద్రం వాసన చూసి చెప్పేవాడు," అన్నాడు కంపాసు మామ. వీధిలో అందరికన్నా పెద్దవాడు. వయసులో ఉన్నప్పుడు కంపాసు లేకుండా పడవ తిప్పుకొచ్చాడని ఆ పేరు.

"మీ తాత సారా వాసన చూసి కూడా చెప్పేవాడుగా మామా," అంది వదిన. వీధి అంతా నవ్వింది. కానీ ఆ రోజు నుంచి కంపాసు మామ నడకే మారిపోయింది.

*

రక్షణ గోడ సంగతి ఆ తర్వాత వచ్చింది. సముద్రం ఏటేటా ముందుకి వస్తోందని, రేవు నుంచి హోటళ్ళ చివరి దాకా రాతి గోడ కడతామని పురపాలక ఆఫీసు ప్రకటించింది. హోటళ్ళ చివర అంటే సరిగ్గా వీధి మొదలు. ప్రజాభిప్రాయ సేకరణ పెట్టారు. ఎక్కడ? విజ్ఞాన కేంద్రంలో, ఆ నమూనా చుట్టూ. సైన్సు ప్రజల్లోకి వెళ్ళడమంటే ఇదేనని మేడం పొంగిపోయింది. ఆ వీధి వాళ్ళు మొదటిసారి ఆ హాల్లో అడుగుపెట్టారు.

గోడ పని చూసే ఇంజినీరు మర్యాదస్తుడు. ఉపన్యాసం ఇవ్వలేదు. "మీరే తిప్పి చూడండమ్మా," అని చక్రం వదిన చేతికిచ్చాడు. వదిన ఎనిమిది చుట్లూ తిప్పింది. రోజూ ఐసు గడ్డలు పగలగొట్టే చేతులవి, చక్రం గిర్రున తిరిగింది. మార్కెట్టు మునిగింది. హోటళ్ళ తోటలు మునిగాయి. వీధి పొడిగా నిలబడింది. జనం చప్పట్లు కొట్టారు.

"గోడ మాకెందుకండీ?" అంది వదిన, గెలిచినంత సంబరంగా. "గోడ కడితే మా పడవలు ఒడ్డుకి ఎక్కవు కూడా."

ఇంజినీరు చేతులెత్తమన్నాడు. అరవై ఒక్క చేతులు లేచాయి. ఒకటి లప్పం అక్కది. గుమాస్తా రాసుకున్నాడు: ప్రజలు స్వయంగా పరిశీలించి గోడ అవసరం లేదని తెలిపారు. అభ్యంతరాలకి నెల రోజులు గడువు.

మూడు వారాలకి, ఒక పొద్దున పాల వేళ, సముద్రం వీధిలోకి వచ్చింది. తుఫాను కాదు. గాలి కూడా పెద్దగా లేదు. పోటు మీద పోటు కలిసి పొంగింది, అంతే. లప్పం అక్క ఇంట్లో పొయ్యి కింద గ్యాసు గొట్టం తేలింది. చీలమండ లోతు నీళ్ళు. రెండు గంటలు నిలబడి వెళ్ళిపోయాయి, చెప్పులన్నీ ఒక మూలకి పోగేసి.

ఆమె చీర కుచ్చిళ్ళు పిండుకుని పనికి వెళ్ళింది. హాల్లో ఒక బోర్డు ఉంటుంది. రేవులో ఆ రోజు సముద్రం ఎంత ఎత్తు లేచిందో దాని మీద రాస్తారు. చక్రం ఎన్ని చుట్లు తిప్పితే ఆ మట్టం వస్తుందో కూడా పక్కనే వేస్తారు. ఆ రోజు రాసింది అయిదున్నర చుట్లు. ఆమె అయిదున్నర తిప్పింది. రేవు రోడ్డు తడిసింది. వీధి పొడి.

మళ్ళీ తిప్పింది. పొడి.

అప్పటి నుంచి వారం రోజులు ఆమెకి బుర్ర పనిచెయ్యలేదు. చక్రం మరలు విప్పి చూసింది. తొట్టి కాళ్ళ కింద వాలు తెలిసే మట్టం గొట్టం పెట్టి చూసింది, వెంట్రుక వాసి తేడా లేదు. బోర్డు మీద అంకె తప్పేమోనని రేవు ఆఫీసుకి రెండుసార్లు ఫోను చేసింది. అంకె సరైనదే. అన్నీ సరైనవే అయితే తన ఇల్లే తప్పయి ఉండాలి. ఆ మట్టం గొట్టం ఇంటికి తెచ్చి వంటగది నేల మీద పెట్టింది.

"ఏం చేస్తున్నావే?" అంది వదిన.

"నా ఇల్లు కుంగిందేమో చూస్తున్నా."

"నీ ఇల్లొక్కటే కుంగిందా? నలభై ఇళ్ళూ కూడబలుక్కుని కుంగాయా?"

"అది కాదు వదినా. నమూనాలో మన వీధికి నీళ్ళు రావు. సైన్సు కదా. ఎలా వచ్చాయో అర్థం కావట్లేదు."

వదిన నడుం మీద చెయ్యి పెట్టుకుని చూసింది. "నీ పొయ్యి కింద నీళ్ళు నిలబడ్డాయి. నీ కళ్ళతో చూశావు. నీ చెప్పు మా ఇంట్లో తేలింది. ఇంకా ఆ బొమ్మనే నమ్ముతున్నారా, ఆడపడుచు గారూ?"

నమ్ముతోంది. అదే విచిత్రం. చదువుకున్నవాళ్ళు, ఇత్తడి చక్రం, గోడ మీద పలక. ఇన్ని కలిసి ఒక మాట చెప్తుంటే మనిషి తన తడి కాళ్ళని అనుమానిస్తాడు. ఇది ఆమె ఒక్కదాని తెలివితక్కువతనం అనుకుంటే పొరపాటే. అరవై ఒక్క మంది చేతులెత్తారు మరి.

*

నెలకోసారి తొట్టి ఖాళీ చేసి పాచి తుడుస్తారు. ఆ సోమవారం ఆమె గుడ్డతో వీధి మీదుగా తుడుస్తుంటే ఒక గోరంత ఇల్లు ఊడి చేతికొచ్చింది. అడుగున బూడిద రంగు. మిగతా నమూనా అంతా తెల్ల పదార్థం. ఇక్కడ బూడిద రంగేంటి?

వేలి కణుపుతో కొట్టింది. బోలుగా మోగలేదు, గట్టిగా మోగింది. అంచు వెంబడి గోరు పెట్టి రంగు గీకింది. బూడిద రంగు ముద్ద చివర, సరిచేస్తూ నొక్కిన బొటనవేలి ముద్ర ఉంది. ఆమె తన బొటనవేలు దాని మీద పెట్టింది. సరిగ్గా పట్టింది.

అప్పుడు గుర్తొచ్చింది.

మూడేళ్ళ కిందట, కేంద్రం తెరిచే రోజు పొద్దున. పదింటికి పెద్దమనుషులు వస్తారు. తొమ్మిదిన్నరకి నమూనా కింద చుక్కలు పడుతున్నాయి. మేడం వేదిక దగ్గర మైకుతో కుస్తీ పడుతోంది. కారేది ఎక్కడో లప్పం అక్క పట్టుకుంది. వీధి ఉన్న చోట నమూనా అడుగు పగిలింది. ఇళ్ళన్నీ ఊడదీసి, తడి తుడిచి, లప్పం కలిపి, పగులు దాటి నాలుగు వైపులా ఎక్కించి, కాస్త ఎత్తుగానే వేసింది. మీద రంగు కొట్టి ఇళ్ళు మళ్ళీ అతికించింది. సాయంత్రం అరగదీద్దామనుకుంది. సాయంత్రానికి జనం విడవలేదు. మర్నాడు పంపు పాడైంది. ఆ మర్నాడు ఇంకోటి. అరగదీయడం అలాగే ఉండిపోయింది.

కొలిచింది. నాలుగు మిల్లీమీటర్లు. అంటే ఒక మీటరు. తన వీధిని తానే ఒక మీటరు లేపి కూర్చోబెట్టింది. అయిదో చుట్టుకి రావలసిన నీళ్ళు తొమ్మిదికి గాని రావు. చక్రం ఎనిమిదికే ఆగిపోతుంది.

పూర్వీకుల జ్ఞానం కాదు. తన లప్పం.

ఆమె నేల మీద కూర్చుండిపోయింది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ముందు నవ్వే వచ్చింది.

మేడం గదికి వెళ్ళి చెప్పింది. మేడం నమ్మలేదు. నమూనా కట్టినప్పటి ఫైలు తీసింది. అందులో వీధి మునిగేది అయిదో చుట్టుకి అనే ఉంది. మేడం అద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుంది.

"మరి మీరు ఫైలు చూడలేదా మేడం?"

"మొదట్లో చూశాను అక్కా. తర్వాత నమూనానే చూశాను. వీధి పొడిగా కనపడింది. పొడిగా ఎందుకుందా అని కారణం వెతికాను." ఫైలు మూస్తూ అంది. "కారణం బావుంది కూడా."

"ఇప్పుడు గోడ సంగతేంటి?"

"గోడని ఈ నమూనా చూసి నిర్ణయించరు. వాళ్ళకి సర్వే ఉంటుంది. మీరేం కంగారు పడకండి." అలా చెప్పిన మేడం ముఖంలోనే కంగారు ఉంది.

లప్పం అక్కకి కాస్త ఊపిరి వచ్చింది. గోడ సర్వే ప్రకారం అయితే తన తప్పు వట్టి బొమ్మలో తప్పే. కానీ సర్వే ప్రకారం అయితే గోడ వీధి ముందే ఎందుకు ఆగింది? ఈ ముడి విప్పలేక మంగళవారం పురపాలక ఆఫీసుకి వెళ్ళింది. వదిన వెంట వచ్చింది. ఆడపడుచు ఒక్కతే వెళ్తే అవతలివాళ్ళకే సారీ చెప్పి వస్తుందని వదిన భయం.

ఇంజినీరు కుర్చీలు వేయించాడు. "గోడకీ మీ బొమ్మకీ సంబంధం లేదమ్మా. మా దగ్గర పక్కా సర్వే ఉంది."

"సర్వేలో మా వీధి ఎత్తెంతండీ?" అంది లప్పం అక్క.

"తక్కువే. హోటళ్ళకన్నా తక్కువ."

"మరి గోడ అక్కడే ఎందుకాపారు?"

"మీరే వద్దన్నారుగా. రాసి ఉంది."

"బొమ్మ చూసి వద్దన్నాం."

"బొమ్మ చూసి ఎందుకన్నారు?"

"మీరే చూడమన్నారు కదండీ!"

"చూడమన్నానమ్మా. నమ్మమన్నానా?"

వదిన లేచి నిలబడింది. "అంటే, మా వీధి పల్లంలో ఉందని ఆ రోజు మీకు తెలుసు."

"నాకు తెలిసినదానితో పనేముందమ్మా? అభిప్రాయం ప్రజలది."

ఇంతకీ మోసపోయింది ఎవరు? ఆఫీసు మోసపోలేదు. హోటళ్ళు మోసపోలేదు. ఆ నాలుగు మిల్లీమీటర్ల లప్పం ఆ ఊరంతటిలో ఆ వీధి వాళ్ళని మాత్రమే నమ్మించింది. తెలిసిన నిజాన్ని బీరువాలో పెట్టుకుని, జనం పొరపాటున అన్న మాటని శిలాశాసనం చేసే పద్ధతికి ప్రజాభిప్రాయం అని పేరు పెట్టుకున్నాం. లప్పం అక్కకి ఇవేమీ తోచలేదు. ఆమె బుర్రలో ఒకటే తిరుగుతోంది. తప్పు తనదా, కాదా? తనదే. కానీ తనదే అయితే ఇంతమందికి ముందే ఎలా తెలుసు?

"ఇప్పుడేం చెయ్యాలండీ?" అంది.

ఇంజినీరు క్యాలెండరు చూశాడు. "శుక్రవారం అయిదింటి దాకా గడువుంది. అభ్యంతరం పెట్టండి. కానీ ఊరికే మాట మార్చామంటే కుదరదు. ఆ రోజు మీరు చూసింది ఎందుకు తప్పో తెలిసినవాళ్ళెవరైనా సంతకం పెట్టి చెప్పాలి."

తెలిసినవాళ్ళెవరో ఆ గదిలో ఇద్దరికి తెలుసు. కాంట్రాక్టు మనిషి, ప్రదర్శన వస్తువుని పాడుచేశానని చేత్తో రాసి సంతకం పెట్టడమంటే ఉద్యోగం పోగొట్టుకోవడమే.

దారిలో వదిన రేవు రోడ్డు దాకా ముందు ముందు నడిచింది. తర్వాత అంది. "నువ్వు రాయకపోతే నేనేం అనను. వీధిలో ఎవరికీ చెప్పను కూడా."

"అంటావు. గారూ అంటావు."

"అది ఎలాగూ అంటాలే."

*

అసలు చిక్కు వీధిలో వచ్చింది. తప్పు ఒప్పుకుంటే జనం తిడతారని ఆమె సిద్ధపడింది. జనం అసలు ఒప్పుకోలేదు.

"లప్పం వేసి మా వీధిని లేపావా? నీకంత ఉందా?" అన్నాడు కంపాసు మామ. "మా తాతలు చూసి కట్టిన చోటు ఇది. చదువుకున్నామె పలక మీద రాసింది. మొన్న వచ్చిన నీళ్ళు ఏదో కాలవ పొంగి వచ్చినవి."

"ఉప్పగా ఉన్నాయి మామా."

"కాలవలు ఉప్పగా ఉండవా?"

సంతకాలు పన్నెండు దాటలేదు. గురువారం పొద్దున వదిన ఇల్లిల్లూ తిరిగి, బతిమాలి, బెదిరించి, ముప్ఫైమందిని కేంద్రానికి లాక్కొచ్చింది. కంపాసు మామ వస్తూనే పలక ముందు నిలబడి దాన్ని మళ్ళీ ఒకసారి చదివించుకున్నాడు.

మేడం చేతులు కట్టుకుని పక్కన నిలబడింది. ఆపలేదు, చెయ్యమనీ అనలేదు.

లప్పం అక్క ఇళ్ళన్నీ ఊడదీసి పళ్ళెంలో వరసగా పెట్టింది. రేకు పెట్టి లప్పం లేపింది. తండ్రి నేర్పిన చేత్తో వేసింది కాబట్టి అంత తేలిగ్గా రాలేదు. చెమటలు పట్టాయి. ముక్కలుగా ఊడొచ్చింది. కింద పాత తెల్ల నేల, దాని మధ్యలో సన్నటి పగులు. ఇళ్ళు మళ్ళీ ఎక్కడివక్కడ పెట్టి, "తిప్పు వదినా," అంది.

ఒకటి. రెండు. మూడుకి రేవు రోడ్డు తడిసింది. నాలుగు. అయిదు. నీళ్ళు హోటళ్ళ జోలికి పోకుండా వాటి వెనకగా తిరిగి, ఎవరూ పిలవని చుట్టంలా వీధిలోకి వచ్చేశాయి. అదే సమయంలో బల్ల కింద టపటప చుక్కలు పడటం మొదలైంది. ఎవరో అరిచి కాళ్ళు వెనక్కి తీసుకున్నారు. లప్పం అక్క చేతులు వాటంతటవే ఆ పగులు మీదకి వెళ్ళాయి. బలవంతాన వెనక్కి తీసుకుని కింద బకెట్టు పెట్టింది.

"అప్పుడేమో రాలేదు, ఇప్పుడొస్తోంది," అన్నాడు కంపాసు మామ. "పైగా కారిపోతోంది. కారిపోయే బొమ్మని నమ్మమంటావా? రేపు ఇంకేం మార్చి ఇంకేం చూపిస్తావో!"

ఈ ప్రశ్న ఆమెకి కొత్తది కాదు. వారం రోజులుగా తనని తాను అడుగుతున్నది అదే. మేడం వైపు చూసింది. మేడం కట్టుకున్న చేతులు విప్పలేదు.

"మామా," అంది చివరికి, "బొమ్మని వదిలెయ్. మొన్న మీ గుమ్మంలో నీళ్ళు ఎంతదాకా వచ్చాయి?"

"రెండో మెట్టు."

"ఆ రోజు రేవులో ఎంత లేచిందో బోర్డు మీద ఉంది. అయిదున్నర. నువ్వే తిప్పు. మీ ఇల్లు ఏదో నీకు తెలుసు."

కంపాసు మామ చక్రం పట్టుకున్నాడు. ఇంకో అర చుట్టు తిప్పాడు. వంగి, గోరంత ఇళ్ళలో తనది వెతుక్కుని, దాని ముందు వేలు ముంచాడు. వేలు పైకెత్తి చూశాడు. ఎంత తడిసిందో చూస్తున్నాడో, రెండో మెట్టుకి అదెంతవుతుందో లెక్కేస్తున్నాడో తెలియదు. బకెట్టులో చుక్కలు పడుతూనే ఉన్నాయి.

"మరి మా తాతలు?" అన్నాడు. ఆ గొంతులో ముందున్న పొగరు లేదు.

"తాతల తప్పేం లేదులే మామా," అంది వదిన. "వాళ్ళు కట్టినప్పుడు సముద్రం ఎంత దూరంలో ఉండేదో నువ్వే చెప్తుంటావుగా. వలలు ఆరేసే ఇసుక దాటి, ఇంకో అంత నడవాలని."

"అవును," అంది మేడం, మొదటిసారి. "వాళ్ళు సరిగ్గానే ఎంచుకున్నారు. రేవు పెరిగాక ఒడ్డు కోతపడింది. సముద్రం కూడా లేస్తోంది. అది పలక మీద రాసి ఉండాల్సింది." పలక వైపు చూసి, "నేను రాయలేదు," అంది.

కంపాసు మామ తడి వేలు పంచెకి తుడుచుకున్నాడు. "వేలిముద్ర సరిపోతుందా, సంతకమే కావాలా?"

శుక్రవారం నాలుగున్నరకి కాగితం తీసుకుని వదిన, లప్పం అక్క పురపాలక ఆఫీసు కౌంటరు దగ్గర నిలబడ్డారు. గోడా కావాలి, గోడలో పడవలు ఎక్కే దారీ కావాలని వదిన చెప్పి రాయించింది. కింద అరవై సంతకాలు, వేలిముద్రలు. విడిగా ఒక పేజీ లప్పం అక్కది. ఏ రోజు, ఎన్నింటికి, ఎంత మందం వేసిందో, ఎందుకు అరగదీయలేదో. ఎవరి మీదా నెట్టలేదు.

గుమాస్తా చూసి తికమకపడ్డాడు. "అభ్యంతరదారు హోదా అని ఉంది చూడండి. ఇంటి యజమానా, అద్దెకున్నవాళ్ళా?"

"యజమానినే. కానీ ఈ పేజీ యజమానిగా రాయలేదండీ."

"మరి?"

"లప్పం వేసిన మనిషిగా."

"దానికి గడి లేదమ్మా."

"ఇతరులు అని ఉందిగా, అక్కడ టిక్కు పెట్టు నాయనా," అంది వదిన. "ఎప్పుడూ మమ్మల్ని పెట్టే గడి అదేగా."

ముద్ర పడింది. నాలుగూ యాభై.

సోమవారం ఆమె పనికి వెళ్ళింది. పని ఉందో లేదో తెలియకుండానే వెళ్ళింది. బల్ల మీద కవరు ఉంది. ప్రదర్శన వస్తువుని అనుమతి లేకుండా మార్చినందుకు వారంలోగా సంజాయిషీ ఇవ్వాలట. మూడేళ్ళ కిందట మార్చినందుకా, గురువారం మార్చినందుకా అన్నది అందులో లేదు. మేడంని అడిగింది.

"నాకూ తెలియదు అక్కా. నేనూ ఒకటి రాస్తున్నా, ఫైలు ఎందుకు చూడలేదని." గోడ మీద పలక ఉన్న చోట నాలుగు మేకు రంధ్రాలు ఉన్నాయి. "సంజాయిషీకి వారం టైముంది. ఈలోపు ఆ కారేది చూడండి. పైనుంచి వద్దు. కింద నుంచి."

కింద నుంచి వెయ్యాలని తనకి మూడేళ్ళలో ఎందుకు తట్టలేదో ఆమెకి అర్థం కాలేదు. పడవకి ఎప్పుడూ నీళ్ళవైపు నుంచే వేస్తారు. ఇక్కడ నీళ్ళు పైన ఉన్నాయి. అంతే తేడా.

బల్ల కింద వెల్లకిలా పడుకుంది. తడి తుడిచి, పగులు దాటి నాలుగు వైపులా ఎక్కించి వేసింది. ఆరడానికి అరగంట. కదలకుండా అలాగే పడుకుని చూస్తోంది. గోడ వస్తుందో, దారి లేకుండా వస్తుందో, అసలు రాదో. వచ్చే నెల ఈ బల్ల కింద ఎవరు పడుకుంటారో.

పైన ఎవరో కుటుంబం వచ్చింది. పది చెప్పులు కనపడుతున్నాయి. చక్రం కిర్రుమంది. ఒక ఆడపిల్ల గొంతు లెక్కపెడుతోంది. ఒకటి. రెండు. మూడు. "రోడ్డు పోయింది!" నాలుగు.

లప్పం అక్క ఊపిరి బిగబట్టింది. పైన నీళ్ళు రావాలి. కింద చుక్క పడకూడదు.

"అయిదు," అంది ఆ గొంతు. వెంటనే, "అయ్యో, అమ్మా, ఈ ఇళ్ళు చూడు!"

ముఖం మీద చుక్క పడలేదు.